సిద్దిపేటలో ఎప్పుడూ ఒక్క ఇల్లే గెలుస్తుంది, ఇక రాయడానికేముంది?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా అమ్మమ్మ వాళ్ళది సిద్దిపేట దగ్గరి ఊరు, నేను పెరిగింది బయట. పీజీ ప్రాజెక్టులో ఒక అసెంబ్లీ నియోజకవర్గం ఎన్నికల చరిత్ర రాయాలి. సిద్దిపేట తీసుకున్నా. తీరా పట్టిక వేస్తే 1985 నుంచి మొదట కేసీఆర్, తర్వాత ఆయన మేనల్లుడు హరీశ్‌రావు, ప్రతిసారీ గెలుపే. ఇందులో చరిత్ర ఏముంది సార్? వేరే నియోజకవర్గానికి మారిపోమంటారా?"

బిడ్డా, మారకు. నేను సర్కారు బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. పాత మెదక్ జిల్లాలో 1989 నుంచి ఎన్నికల డ్యూటీలు పడుతూనే ఉండేవి. మొదట పోలింగ్ ఆఫీసరుగా, తర్వాత ప్రిసైడింగ్ ఆఫీసరుగా చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నా, నువ్వు పట్టికలో తప్పు గడి చూస్తున్నావు. గెలిచినవాళ్ళ పేర్లున్న గడి వదిలేసి సంవత్సరాలున్న గడి చూడు. 1999, 2001, 2004, మళ్ళీ 2004, 2008, 2009, 2010. పదకొండేళ్ళలో ఏడుసార్లు. మామూలు నియోజకవర్గంలో ఆ కాలానికి మూడు ఓట్లు పడతాయి. 2009 ఏప్రిల్‌లో క్యూలో ఒక ముసలవ్వ నా ముందుకొచ్చి వేలు చాపి, "మల్ల ఓట్లా సారూ, నిరుడే ఏస్తిమి గద" అంది. నిజమే, నిరుడు మే నెలలోనే వేసింది. వచ్చే ఏడాది జులైలో మళ్ళీ వేయాల్సి వస్తుందని ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

సిద్దిపేటలో ఎవరు గెలిచారన్నది చిన్న ప్రశ్న. ఈ జనాన్ని ఎందుకు ఇన్నిసార్లు అడిగారు, ప్రతిసారీ ఏమని అడిగారు అన్నది అసలు ప్రశ్న. ఇక్కడి చరిత్ర సాధారణ ఎన్నికల్లో కన్నా ఉప ఎన్నికల్లోనే ఎక్కువ ఉంది.

నువ్వు 1985తో మొదలుపెట్టావు. 1970తో మొదలుపెట్టు. 1967లో ఇక్కడ కాంగ్రెస్ నుంచి వి.బి.రాజు గెలిచారు. మధ్యలో 1969 తెలంగాణ ఉద్యమం వచ్చింది. రాజు రాజ్యసభకు వెళ్ళడంతో 1970లో ఉప ఎన్నిక జరిగింది. అందులో తెలంగాణ ప్రజా సమితి తరఫున అనంతుల మదన్‌మోహన్ గెలిచారు. మరుసటి ఏడు లోక్‌సభ ఎన్నికల్లో ప్రజా సమితి 14 స్థానాల్లో 10 గెలిచింది కదా, దానికి ముందు గంట కొట్టినవాటిలో సిద్దిపేట ఒకటి. ఆ తర్వాత ప్రజా సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. మదన్‌మోహన్ 1972, 1978, 1983లలో కాంగ్రెస్ మనిషిగానే గెలిచారు. అంటే ప్రత్యేక రాష్ట్రం పేరుతో ఉప ఎన్నికలో ఓటడగడం ఈ ఊరికి 2001లో కొత్తగా వచ్చింది కాదు. 2001లో ముప్పై ఏళ్ళు దాటిన ఓటర్లలో చాలామంది మొదటి కథ ఇంట్లో విన్నవాళ్ళే.

ఇప్పుడు 1983. ఎన్టీఆర్ గాలిలో తెలుగుదేశానికి రెండు వందలకు పైగా సీట్లు వచ్చిన ఏడు అది. ఆ పార్టీ టికెట్ మీద సిద్దిపేటలో నిలబడ్డ చింతమడక కుర్రాడు కేసీఆర్ ఓడిపోయారు. యూత్ కాంగ్రెస్ రోజుల్లో తను వెనక తిరిగిన మదన్‌మోహన్ మీదే పోటీ చేసి, తొమ్మిది వందలు కూడా నిండని తేడాతో పోగొట్టుకున్నారు. అప్పట్లో తెలంగాణ పల్లెల్లో ఆ గాలి కోస్తాలో వీచినంత గట్టిగా వీచలేదు. నీ ప్రాజెక్టులో ఈ ఓటమికి కనీసం ఒక పేజీ ఇవ్వు. గెలుపుల పట్టికలో ఇది కనిపించదు. కానీ ఆ తర్వాత ఊరూరా తిరిగి ఓటరును పేరు పెట్టి పిలిచే అలవాటు ఈ దెబ్బతోనే మొదలైందని మా తరం వాళ్ళం అనుకుంటాం. 1984 ఆగస్టులో నాదెండ్ల భాస్కరరావు ఎన్టీఆర్‌ను దించిన గందరగోళం తర్వాత అసెంబ్లీ రద్దయి 1985 మార్చిలో మధ్యంతరం రాకపోతే, ఆయన ఐదేళ్ళు ఆగాల్సి వచ్చేది. రెండేళ్ళలోనే రెండో అవకాశం దొరికింది. దాదాపు 16 వేల మెజారిటీతో గెలిచారు.

1989 నా మొదటి డ్యూటీ. పార్లమెంటుకు, అసెంబ్లీకి ఒకేసారి. పార్లమెంటు బ్యాలెట్ తెలుపు, అసెంబ్లీ బ్యాలెట్ గులాబీ. (ఈ ఊళ్ళో ఆ రంగుకు తర్వాత ఎంత పని పడిందో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.) నా పని స్వస్తిక్ ముద్రను సిరా పలక మీద ఒత్తి ఓటరుకు ఇవ్వడం, పేపరు ఎలా మడవాలో చూపించడం. ముందు నిలువుగా మడవాలి, తర్వాతే అడ్డంగా. అడ్డంగా ముందు మడిస్తే తడి సిరా ఇంకో గుర్తు మీద అచ్చు పడుతుంది. అది చెల్లుతుందా చెల్లదా అని లెక్కింపులో ఏజెంట్లు కొట్లాడుకుంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా "నిలువుగా అవ్వా, నిలువుగా తాతా" అంటూనే ఉన్నా. ఆ ఎన్నికల్లో తెలుగుదేశం రాష్ట్రంలో అధికారం పోగొట్టుకుంది. సాక్షాత్తూ ఎన్టీఆర్ కల్వకుర్తిలో ఓడారు. సిద్దిపేటలో మాత్రం కేసీఆర్ పద్నాలుగు వేల దగ్గరి మెజారిటీతో, అదే మదన్‌మోహన్ మీద గెలిచారు. పార్టీ గాలి ఉన్నప్పుడు ఓడి, పార్టీ మునిగినప్పుడు గెలిచిన సీటు ఇది. పార్టీ ఓటు, మనిషి ఓటు విడివిడిగా నడవడం 1989లోనే మొదలైందని నేనంటాను.

1994, 1999 గురించి ఎక్కువ రాయకు. రెండుసార్లూ 27 వేల చిల్లర మెజారిటీలే. ఆ రోజుల్లో చెప్పుకోవాల్సింది ఓట్ల లెక్క కాదు, నీళ్ళ లెక్క. లోయర్ మానేరు నుంచి సిద్దిపేట పల్లెలకు పైపులేసి తాగునీళ్ళు తెచ్చిన పథకం ఆ కాలానిదే. మిషన్ భగీరథకు అదే నమూనా అని తర్వాత కేసీఆరే పదే పదే చెప్పుకున్నారు. బిందె పట్టుకుని బోరింగు దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు ఇంటి ముందు నల్లా చూశాక ఓటెటు వేస్తారో నేను వివరించి చెప్పక్కర్లేదు.

1999 గెలుపు తర్వాత ఆయనకు మంత్రి పదవి రాలేదు, డిప్యూటీ స్పీకర్ పదవి వచ్చింది. మంత్రి పదవి రాకపోవడం వల్లే పార్టీ పెట్టారని వ్యతిరేకులు అంటారు. కరెంటు చార్జీల పెంపు, తెలంగాణకు అన్యాయం కారణాలని ఆయన వాళ్ళు అంటారు. రెండూ రాయి, ఎటూ తీర్పివ్వకు. 2001 ఏప్రిల్ 27న డిప్యూటీ స్పీకర్ పదవికి, ఎమ్మెల్యే పదవికి, పార్టీకి ఒకేసారి రాజీనామా చేసి తెలంగాణ రాష్ట్ర సమితి పెట్టారు. సెప్టెంబరులో ఉప ఎన్నిక. ఇక్కడ ఆగి ఒక్కసారి ఆలోచించు. చేతిలో సైకిల్ గుర్తు లేదు. రాష్ట్రంలో అధికారం ఆ సైకిల్ పార్టీదే. పార్టీకి అయిదు నెలల వయసు. మెజారిటీ 27 వేల నుంచి 58 వేలు దాటింది. సిద్దిపేటలో తెలుగుదేశం ఆ రోజుతోనే ఖాళీ అయిపోయింది. నాయకుడు వెళ్ళిపోతే కార్యకర్తల్లో సగం మంది మిగలడం వేరే ఊళ్ళలో చూశాం. ఇక్కడ బూత్ ఏజెంట్లతో సహా కదిలిపోయారు. నిన్నటి దాకా సైకిల్ తరఫున కూర్చున్న మనిషే కొత్త పార్టీ ఏజెంటు ఫారం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

2004లో రెండు ఎన్నికలెందుకని నువ్వు అడగలేదు గానీ, గైడ్ తప్పకుండా అడుగుతారు. కాంగ్రెస్‌తో పొత్తులో కేసీఆర్ సిద్దిపేట అసెంబ్లీకీ, కరీంనగర్ లోక్‌సభకూ పోటీ చేసి రెండూ గెలిచారు. రెండింటిలోనూ సభ్యుడిగా కొనసాగడానికి వీల్లేదు. పద్నాలుగు రోజుల్లో అసెంబ్లీ సీటు వదులుకోకపోతే పార్లమెంటు సీటే పోతుంది. ఆయన ఢిల్లీ ఎంచుకుని కేంద్రమంత్రి అయ్యారు. ఇటు హరీశ్‌రావు ఎమ్మెల్యే కాకుండానే రాష్ట్రంలో వైఎస్ మంత్రివర్గంలో చేరారు. అలా చేరినవాళ్ళు ఆరు నెలల్లో ఏదో ఒక సభకు ఎన్నికవ్వాలి. ఆ గడువు లోపల ఖాళీ సీటు సొంతూళ్ళోనే దొరికింది. మామ మెజారిటీ 44 వేలు, కొన్ని నెలలకే అల్లుడికి దాదాపు పాతిక వేలు. వారసుడు కదా, ఆస్తిలాగా అందిపోయిందని రాసేవాళ్ళు ఈ తేడా చూడరు. జనం మామకిచ్చినంత అల్లుడికి మొదటిసారే ఇవ్వలేదు. 2004 ఉప ఎన్నిక హరీశ్‌రావు చరిత్రలో అతి తక్కువ మెజారిటీ. మిగతాది ఆయన తర్వాత సంపాదించుకున్నదే.

2008 చాలామంది తప్పు చదివే ఏడు. మార్చిలో టీఆర్ఎస్ ఎమ్మెల్యేలు 16 మంది, ఎంపీలు నలుగురు రాజీనామా చేశారు. సభ గడువు ఇంకా ఏడాదికి పైగా ఉంది, కాబట్టి ఉప ఎన్నిక పెట్టక తప్పదు. ఏడాది లోపే ఉంటే పెట్టనక్కర్లేదన్నది చట్టం. మే 29న పోలింగ్ జరిగింది. పార్టీకి అది చేదు అనుభవం. వదులుకున్న 16 అసెంబ్లీ స్థానాల్లో ఏడే దక్కాయి, లోక్‌సభ నాలుగింటిలో రెండు. కరీంనగర్‌లో 2006 ఉప ఎన్నికలో రెండు లక్షలు దాటిన కేసీఆర్ మెజారిటీ 2008కి పదిహేను వేల చిల్లరకు పడిపోయింది. ఊరికే రాజీనామా చేసి ఖర్చు పెట్టిస్తున్నారని జనం విసుక్కుంటున్నారని పత్రికలు రాశాయి, అబద్ధం కాదు. కానీ అదే రోజు సిద్దిపేటలో మెజారిటీ 58,935. పక్క జిల్లాలో విసుగొచ్చిన రోజే ఇక్కడ మెజారిటీ 2004 ఉప ఎన్నికకు రెట్టింపు దాటింది. నీ ప్రాజెక్టుకు నడుం లాంటిది ఈ పోలికే.

ఇంకో మాట. పునర్విభజన ఉత్తర్వు 2008 ఫిబ్రవరిలోనే వచ్చింది గానీ, మే నెల ఉప ఎన్నిక పాత సరిహద్దుల మీదే జరిగింది. కొత్త గీతలు 2009 సాధారణ ఎన్నికతో అమల్లోకి వచ్చాయి. అప్పుడే దొమ్మాట పోయి దుబ్బాక వచ్చింది. కాబట్టి 2008 నాటి 58,935ని, 2009 నాటి 64,677ని పక్కపక్కన పెట్టి "ఆరు వేలు పెరిగింది" అని రాశావో, వైవాలో దొరికిపోతావు. నేల వేరు, ఓటర్లు వేరు. పైగా 2009లో మహాకూటమి పొత్తు వల్ల తెలుగుదేశం ఎదురుగా లేదు.

2009 అక్టోబరు 21న సిద్దిపేటలో ఉద్యోగ గర్జన జరిగింది. పోలీసు ఉద్యోగాలకు హైదరాబాద్ ఫ్రీ జోన్, అంటే ఏ ప్రాంతం వాళ్ళైనా పోటీ పడొచ్చు అని సుప్రీంకోర్టు చెప్పిన, రాష్ట్రపతి ఉత్తర్వుల్లోని పద్నాలుగు ఎఫ్ గొడవ మీద ఆ సభ. టీచర్లం బళ్ళ నుంచి బళ్ళుగానే కదిలాం. నవంబరు 29న కేసీఆర్ దీక్షకు కూర్చోవాల్సింది కూడా సిద్దిపేట రంగధాంపల్లిలోనే. దారిలో కరీంనగర్ దగ్గర అలుగునూరులో అరెస్టు చేసి ఖమ్మం తీసుకెళ్ళారు. తెలంగాణ ఇస్తామని కేంద్రం చేసిన డిసెంబరు 9 ప్రకటన, ఆ తర్వాత వెనకడుగు, ఫిబ్రవరిలో మళ్ళీ రాజీనామాలు, 2010 జులై 27న 12 చోట్ల ఉప ఎన్నికలు. పదకొండు టీఆర్ఎస్‌కు, ఒకటి బీజేపీకి. అభ్యర్థులు 64 దాటితే అప్పటి ఈవీఎంలకు చేతకాదు. ఒక్కో యూనిట్‌కు 16 పేర్లు, నాలుగు యూనిట్ల కన్నా ఎక్కువ తగిలించలేరు. ఆ కిటుకు తెలిసి కొన్నిచోట్ల నామినేషన్లు కుప్పలుగా వేయించి బ్యాలెట్ పేపరు రప్పించారు. మా పాత "నిలువుగా మడువు" పాఠం మళ్ళీ పనికొచ్చింది.

ఇక నీకు నిజంగా పనికొచ్చే అంకెలు. మెజారిటీలు పక్కన పెట్టి, హరీశ్‌రావుకు పడ్డ ఓట్లు మాత్రం వరసగా రాసుకో. 2009లో 85,843. 2010లో 1,08,779. 2014లో 1,08,699. 2018లో 1,31,295. 2023లో 1,05,514.

సరిహద్దు మారకుండా పదిహేను నెలల్లో దాదాపు 23 వేల ఓట్లు పెరిగాయి చూశావా? అది ఉద్యమం ఓటు. తర్వాతి అంకె ఇంకా విచిత్రం. 2010కీ 2014కీ తేడా సరిగ్గా 80 ఓట్లు. మధ్యలో సకల జనుల సమ్మె అయింది, తెలంగాణ బిల్లు పాసైంది, ఇంత జరిగినా ఆయన ఓటు కదల్లేదు. ఉద్యమం తెచ్చిన ఓటు అప్పటికే మొత్తం లోపలికి వచ్చేసిందన్నమాట. 2018లో మళ్ళీ 22 వేల పైచిలుకు కొత్త ఓట్లు. అవి నాలుగున్నరేళ్ళ మంత్రిగిరీకి, జిల్లా వచ్చినందుకు, చెరువులకు పడ్డవని నా లెక్క. ఎదురుగా కాంగ్రెస్ కూటమి ఈ సీటును తెలంగాణ జన సమితికి ఇచ్చింది. వాళ్ళకు 12,596 ఓట్లే వచ్చాయి. 1,18,699 మెజారిటీ ఆ ఏడు రాష్ట్రంలోనే అత్యధికం.

2023లో మెజారిటీ 82,308కి తగ్గింది. "కోటకు బీటలు" అని రాసేవాళ్ళు ఉన్నారు. విడదీసి చూడు. 36,391 తగ్గుదలలో కాంగ్రెస్‌కు పెరిగింది 10,610 మాత్రమే, 12,596 మీద 23,206. అదీ పోయినసారి కూటమి ఓటుతో పోల్చితే. మిగతా 25,781 ఆయన సొంత ఓటులో తగ్గింది. తగ్గి ఎక్కడ ఆగింది? 2010, 2014ల మట్టం దగ్గరికే. అంటే లక్షా ఐదు నుంచి లక్షా ఎనిమిది వేలు ఆయన గట్టి నేల. 2018 వరద వచ్చిన ఏడు. వరద తీసిపోయింది, నేల ఉంది. పార్టీ రాష్ట్రంలో అధికారం పోగొట్టుకున్న ఏడు కూడా ఆ నేల కరగలేదు. 1989 గుర్తొచ్చిందా?

"కంచుకోట" అనే మాట మాత్రం ప్రాజెక్టులో ఎక్కడా రాయకు. పేపరువాళ్ళు ఆ మాట రాసి పని అయిపోయిందనుకుంటారు. ఎదుటివాళ్ళ వైపు ఏం జరిగిందో చూడాలి. తెలుగుదేశం 2001లో ఖాళీ అయింది. కాంగ్రెస్ ఒకసారి పొత్తులో సీటు వదులుకుంది, ఒకసారి మిత్రపక్షానికి ఇచ్చింది, మిగతాసార్లు కూడా ఒకే మనిషిని పెట్టి పదేళ్ళు పెంచింది లేదు. ఓడినా ఊరు వదలకుండా తిరిగితే ఏమవుతుందో 1983లో ఓడిన కుర్రాడే చూపించాడు. ఆ పాఠం నేర్చుకున్న ఎదుటి పక్షం మనిషి నాకు ఇక్కడ కనబడలేదు. ఇది నా అభిప్రాయం, నువ్వు ఒప్పుకోనక్కర్లేదు.

పోలికకు పక్కనున్న దుబ్బాకను పెట్టుకో. అదే జిల్లా, అదే ఉద్యమం, అదే పార్టీ. ఎమ్మెల్యే సోలిపేట రామలింగారెడ్డి చనిపోయాక 2020 నవంబరులో ఉప ఎన్నిక వచ్చింది. ప్రచారం మొత్తం హరీశ్‌రావు భుజాల మీదే నడిచింది. బీజేపీ రఘునందన్‌రావు వెయ్యి చిల్లర ఓట్లతో గెలిచారు. సిద్దిపేటలో ఆయనకున్నది పొలిమేర దాటి ఇంకొకరికి ఇచ్చేది కాదని అప్పుడు తేలింది. 2024 లోక్‌సభలోనూ అంతే. 2004 నుంచి చేతిలో ఉన్న మెదక్ స్థానం బీఆర్ఎస్ చేజారింది. అదే రఘునందన్‌రావు గెలిచారు, బీఆర్ఎస్ మూడో స్థానంలో నిలిచింది. 2023 నవంబరుకీ 2024 మే నెలకీ మధ్య సిద్దిపేట సెగ్మెంటులో బూత్ బూత్‌కూ ఓటు ఎంత మారిందో లెక్క తీస్తే, పార్టీ ఓటు ఎంత, మనిషి ఓటు ఎంత అన్నది నీ చేతికొస్తుంది. అంత కష్టపడి ఎవరూ రాసినట్టు నేను చూడలేదు.

కొన్ని చిక్కులు ముందే చెబుతా. సిద్దిపేట పేరుతో ఎస్సీ రిజర్వుడ్ లోక్‌సభ స్థానం ఒకటి 2008 పునర్విభజన దాకా ఉండేది. పాత వార్తల్లో "సిద్దిపేట ఫలితం" అని కనిపిస్తే ఏ సభదో చూసుకో. సిద్దిపేట జిల్లా 2016 అక్టోబరు 11న వచ్చింది, అంతకు ముందువన్నీ మెదక్ జిల్లా కింద వెతకాలి. నియోజకవర్గం నంబరు 33 అన్నది 2009 నుంచే. అంతకు ముందు లెక్క ఇచ్ఛాపురం నుంచి మొదలయ్యేది, కాబట్టి పాత రిపోర్టుల్లో 33 నంబరు తీస్తే ఎక్కడో కోస్తాలో తేలుతావు. బూత్‌ల వారీ ఓట్లు ఫారం 20లో ఉంటాయి. ఈవీఎంలు వచ్చాక అవి నమ్మదగినవి. బ్యాలెట్ రోజుల్లో కొన్ని ఎన్నికలకు ఊరి ఓటు బయటపడకుండా పేపర్లన్నీ డ్రమ్ములో కలిపి లెక్కపెట్టేవారు. ఆ ఏళ్ళకు ఊరివారీ లెక్క ఎవరైనా నోటితో చెబితే ఊరి గొప్ప కింద జమ కట్టుకో.

ముందు 2009, 2010 ఫారం 20లు రెండూ పక్కపక్కన పెట్టుకుని నంగునూరు, చిన్నకోడూరు మండలాల బూత్‌లు చూడు. పట్నం బూత్‌లు తర్వాత చూద్దువు. మీ అమ్మమ్మ వాళ్ళ ఊరి బూత్ నంబరు దొరికితే ఆమె పక్కన కూర్చుని, ఆ రెండేళ్ళలో ఎన్నిసార్లు ఓటేసిందో అడుగు. అంకె తప్పు చెప్పినా ఫర్వాలేదు, ఏ ఓటు గుర్తుందో ఏది గుర్తులేదో రాసుకుని రా, తర్వాత మాట్లాడదాం.